వరిపంటకు అడవి చుట్టం

మునుల ఆశ్రమాలను వర్ణించే పాత కావ్యాలలో నీవారధాన్యం తరచు కనబడుతుంది. దున్నకుండా, విత్తకుండా చెరువుల అంచులలోను, పల్లపు నేలలలోను తనంతట తానే మొలిచి పండే వరి అది. తెలుగులో దానిని నివ్వరి అన్నారు. మునులకు ఆహారమైన ఈ గింజ రైతుకు మాత్రం కలుపు. ఆకు మీద ఉన్నంతకాలం అది పైరులో కలిసిపోయి గుర్తు దొరకదు. వెన్ను తీసిన తరువాత గింజకొసన పొడుగాటి ముల్లు కనబడినప్పుడు గాని రైతు దానిని పోల్చుకోలేడు. అప్పటికే పండిన గింజలు ఒకటొకటిగా బురదలో రాలి, మరుసటి ఏటికి విత్తనమై కూర్చుంటాయి.

ఈ మొక్కకు 1965లో ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి అనే ఇద్దరు భారతీయ శాస్త్రజ్ఞులు ఒరైజా నివారా అని శాస్త్రీయనామం పెట్టారు. కావ్యాలలోని పేరే లాటిన్ వేషం వేసికొన్నదన్నమాట. అదే సంవత్సరం హైదరాబాదు కేంద్రంగా ఆరంభమైన అఖిలభారత సమన్విత వరి అభివృద్ధి పథకానికి ఈ శాస్త్రిగారే తొలి నాయకులు. పేరు పెట్టి పదేళ్ళు తిరగకముందే ఈ కలుపుమొక్క ఆసియాఖండపు వరిచేలను ఒక పెద్ద తెగులు నుంచి ఒడ్డున పడవేసినది.

పండించే వరికి లేని బలం అడవి వరికి ఎట్లా వచ్చినది? మనిషి వరిని సాగులోకి తెచ్చినప్పుడు తనకు కావలసిన గుణాలను ఏరుకొన్నాడు. పండిన గింజ రాలిపోక వెన్నును అంటిపెట్టుకొని ఉండాలి. చేను అంతా ఒక్కసారే కోతకు రావాలి. అన్నం రుచిగా ఉండాలి. మెచ్చిన వెన్నుల నుంచే ఏటేటా విత్తనం దాచాడు. ఆ ఏరివేతలో తనకు తెలియకుండానే ఇంకా ఎన్నో గుణాలను వెనుక వదలివేశాడు. అవతల అడవి వరిని కాపాడే దిక్కెవరూ లేరు. తెగులు వచ్చిన ఏట లొంగిన మొక్క చచ్చింది, లొంగని మొక్క గింజ రాల్చింది. వేల సంవత్సరాలు ఇట్లాగే జరిగినది. అయితే అడవి మొక్కలన్నిటికీ తెగుళ్ళను గెలిచే శక్తి ఉన్నదనుకోవటం పొరపాటు. వాటిలో చాలా భాగం చేలోని వరిలాగానే జబ్బుపడతాయి. కావలసిన గుణం ఎక్కడో ఒక మూల, ఏ ఒక్క మొక్కలోనో ఉంటుంది. దానిని పట్టుకోవటమే మొదటి కష్టం.

తెగులును తట్టుకొనే శక్తి ఒక లెక్క ప్రకారం సంతానానికి సంక్రమిస్తుందన్న సంగతి 1905లో వెల్లడియైనది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన రోలండ్ బిఫెన్, పసుపు తుప్పు తెగులుకు లొంగే గోధుమను లొంగని గోధుమతో సంకరపరచాడు. మొదటి తరం మొక్కలన్నీ జబ్బుపడ్డాయి. వాటి సంతానంలో మాత్రం సుమారు నాలుగింట ఒక వంతు మొక్కలు ఆరోగ్యంగా నిలిచాయి. బఠాణీ మొక్కలలో మెండెల్ చూసిన నిష్పత్తి ఇదే. తెగులును తట్టుకోవటం నేల సారాన్ని బట్టో, వాతావరణాన్ని బట్టో కలిగే అదృష్టం కాదనీ, దానిని ఒక వంగడం నుంచి తీసి మరొక వంగడంలో పెట్టవచ్చుననీ అప్పటినుంచి పైర్ల సంకరణ చేసేవారికి ధైర్యం చిక్కినది.

ఇక నివ్వరి సంగతి. ఫిలిప్పీన్స్ దేశంలోని లాస్ బాన్యోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏర్పడినది. అక్కడి నుంచి 1966లో ఐ.ఆర్. 8 అనే పొట్టి వంగడం వెలువడినది. ఎరువు ఎంత వేసినా పడిపోని పైరు అది. పొట్టి వంగడాలు వచ్చిన తరువాత నీటి వసతి ఉన్న చోట్ల ఏడాదికి రెండు మూడు పంటలు వేయసాగారు. ఏడాది పొడుగునా చేలో పచ్చని పైరు ఉండటంతో దానితోపాటు సుడిదోమ కూడా ఏడాది పొడుగునా పెరిగినది. దుబ్బు మొదలున, నీటికి కాస్త ఎగువన గుంపులుగా చేరి రసం పీల్చే ఈ గోధుమరంగు దోమను మన రైతులు బాగా ఎరుగుదురు. చేలో అక్కడక్కడ చాప పరచినట్లు పైరు గుండ్రంగా ఎండిపోతే అది దీని పనే. కేరళలో 1973-74లో ఈ దోమ చేసిన నష్టం ఇంతా అంతా కాదు.

దోమపోటు ఒక ఎత్తు, దోమ మోసుకువచ్చే వైరస్ మరొక ఎత్తు. ఆ వైరస్ సోకిన మొక్క ఎదగక గిడసబారిపోతుంది. సన్నసన్నని పిలకలు లెక్కకు మించి వేసి, పాలిపోయిన ఇరుకు ఆకులతో అచ్చంగా గడ్డి దుబ్బులాగా తయారవుతుంది. వెన్నులు రావు, వచ్చినా గింజ పట్టదు. అందుకనే ఇంగ్లీషులో దీనికి గ్రాసీ స్టంట్ అని పేరు. 1970 ప్రాంతాలలో ఈ జబ్బు ఆసియా దేశాలలో వ్యాపించటం మొదలైనది. వైరస్‌కు మందు లేదు. దోమకు మందు కొట్టవచ్చు గాని, విచ్చలవిడిగా కొడితే దోమను తినే సాలీళ్ళు ముందు చస్తాయి, దోమ మళ్ళీ రెట్టింపు అవుతుంది.

లాస్ బాన్యోస్ సంస్థలో కె.సి. లింగ్ అనే తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. జబ్బు మొక్కల రసం పీల్చిన దోమలను లేత నారుమీదికి వదలి, ఏ మొక్క జబ్బుపడుతుందో, ఏది నిలుస్తుందో వేల సంఖ్యలో పరీక్షించే పద్ధతిని అతడు రూపొందించాడు. సంస్థ దాచిన విత్తనాల నుంచి ఆరువేలకు పైగా నమూనాలను ఒకటొకటిగా ఈ పరీక్షకు పెట్టారు. దేశదేశాల వరి వంగడాలు అన్నీ వరుసగా జబ్బుపడ్డాయి. నిలిచినది ఒకే ఒక నమూనా. అది సాగు వరి కాదు. ఉత్తరప్రదేశ్‌లో సేకరించి పంపిన నివ్వరి.

ఆ ఒక్క సంచి విత్తనాలను ఎవరో ఏరి ఉండకపోతే ఏమయ్యేదో ఊహించుకోవటం కష్టం కాదు. సేకరించినవారికి మాత్రం ఈ జబ్బు సంగతి తెలియదు. పనికివస్తుందో రాదో తెలియని గింజలను పేరు, ఊరు రాసి జాగ్రత్తపెట్టటం వారు చేసిన పని.

నివ్వరిని సాగు వరితో సంకరపరచటంలో పెద్ద చిక్కు లేదు. రెండింటికీ 24 క్రోమోసోములే; అవి ఒకదానితో ఒకటి చక్కగా జతపడతాయి. అసలు శ్రమ ఆ తరువాత మొదలవుతుంది. సంకరంవల్ల పుట్టిన మొక్కలో సగం వారసత్వం నివ్వరిది. తెగులును తట్టుకొనే శక్తితోపాటు రాలిపోయే గింజ, పొడుగాటి ముల్లు, సాగిలపడే కాడ కూడా వస్తాయి. కాబట్టి ఆ మొక్కను మళ్ళీ మంచి వంగడంతోనే సంకరపరచాలి. అప్పుడు పుట్టిన మొక్కలలో నివ్వరి వాటా సగటున నాలుగో వంతుకు దిగుతుంది. మరొకసారి చేస్తే ఎనిమిదో వంతు, ఇంకొకసారి చేస్తే పదహారో వంతు. దీనినే వెనుక సంకరణం అంటారు. ప్రతి తరంలోను మొక్కలను దోమల పరీక్షకు పెట్టి, నిలిచినవాటినే తరువాతి సంకరణానికి తీసికోవాలి. ఇది మరచితే నివ్వరి అవలక్షణాలతోపాటు దాని సుగుణం కూడా జారిపోతుంది. పాలనుంచి నీటిని వేరుచేయటంలాంటి ఈ పనిని గురుదేవ్ ఖుష్ నాయకత్వాన చేశారు. పంజాబులో పుట్టిన ఖుష్ 1967లో ఆ సంస్థలో చేరాడు. ఐ.ఆర్. 24 అనే వంగడాన్ని ముఖ్య జనకంగా పెట్టుకొని మూడుసార్లు వెనుక సంకరణం జరిపారు. వైరస్‌ను నిలబెట్టే శక్తి ఒకే ఒక జన్యువులో ఉన్నదని, అది బహిర్గతగుణమని ఖుష్, లింగ్ 1974లో ప్రకటించారు. బహిర్గతగుణం కావటం అదృష్టమే. ప్రతి తరంలోను సగం మొక్కలు పరీక్షలో నిలిచి, తామెవరో తామే చెప్పుకొన్నాయి.

ఆ జన్యువు ఉన్న వంగడాలు 1974 నుంచి రైతులకు అందాయి. వాటిలో 1976లో వచ్చిన ఐ.ఆర్. 36 అన్నిటికంటె పేరుపొందినది. ఆరు దేశాల వరి వంగడాల రక్తం అందులో కలిసి ఉన్నది. సుడిదోమను తట్టుకొనే శక్తి కటకంలోని కేంద్ర వరి పరిశోధన సంస్థ తయారుచేసిన ఒక వంగడం ద్వారా వచ్చినది. వైరస్‌ను తట్టుకొనే శక్తి నివ్వరిది. 1980 తరువాత కొన్ని సంవత్సరాలపాటు ప్రపంచంలో సుమారు 1 కోటి 10 లక్షల హెక్టార్లలో ఈ ఒక్క వంగడమే పండినది. అంతకు పూర్వం ఏ వరి వంగడమూ అంత నేలను ఆక్రమించలేదు.

అయితే వైరస్ కూడా ఊరకే కూర్చోలేదు. 1980 తరువాత రెండు మూడేళ్ళకే ఫిలిప్పీన్స్‌లో దాని రెండవ రకం ఒకటి బయలుదేరినది. నివ్వరి జన్యువు దానిని ఆపలేకపోయినది. ఒక్క జన్యువుమీదనే భారమంతా వేసిన చోట ఇట్లా జరగటం శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. గోధుమలో తుప్పు తెగులు శిలీంధ్రం ఎన్నో వంగడాలను ఇదే విధంగా ఓడించినది.

నివ్వరి దగ్గరి చుట్టం కాబట్టి సంకరం సులువైనది. చుట్టరికం దూరమైతే ఎట్లా? ఈ చిక్కును వరికంటె ముందు గోధుమలోనే విప్పారు. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇ.ఆర్. సియర్స్ కంటికి ఈజిలాప్స్ అంబెల్యులాటా అనే అడవి గడ్డి ఒకటి కనబడినది. పశ్చిమాసియాలో పెరిగే ఆ గడ్డి గోధుమకు దూరపు బంధువు. ఆకులపై వచ్చే తుప్పు తెగులు దానిని అంటదు. కాని దానిని నేరుగా గోధుమతో కలిపితే ఫలితం లేదు. అందుచేత సియర్స్ ముందుగా దానిని మరొక అడవి గోధుమతో సంకరపరచి, ఆ సంకరాన్ని వంతెనగా చేసికొని గోధుమను చేరాడు. చివరకు గోధుమకు స్వతహాగా ఉండే 42 క్రోమోసోములకు తోడు గడ్డి క్రోమోసోము ఒక్కటే అదనంగా ఉన్న మొక్క అతని చేతికి వచ్చినది. నిరోధకశక్తి ఆ ఒక్క క్రోమోసోములోనే ఉన్నది; దానితోపాటు దుర్గుణాలు కూడా. గోధుమ క్రోమోసోములతో అది జతపడదు కాబట్టి కావలసిన ముక్క ఇటు రావటానికి సహజమైన దారి లేదు. సియర్స్ ఆ మొక్కలపై ఎక్స్-కిరణాలు ప్రసరింపజేశాడు. కిరణాల తాకిడికి క్రోమోసోములు విరుగుతాయి, విరిగిన ముక్కలు ఎక్కడో ఒకచోట అతుక్కొంటాయి. ఆ మొక్కల పుప్పొడితో పుట్టిన ఆరువేల పైచిలుకు మొక్కలను పరీక్షిస్తే 132 మాత్రం తెగులును తట్టుకొన్నాయి. వాటిలోనూ గడ్డి ముక్క చిన్నదై, గోధుమ లక్షణాలను చెడగొట్టకుండా అతికిన మొక్క బహు అరుదు. అట్లాంటి దానిని పట్టుకొని, 1956లో ఫలితాలు ప్రకటించి, దానికి ట్రాన్స్‌ఫర్ అని పేరు పెట్టాడు. బదిలీ అయినది కాబట్టి ఆ పేరు తగినదే.

వరిలో దూరపు చుట్టాలతో సంకరం చేసినప్పుడు గింజలోని పిండం పూర్తిగా ఎదగకముందే చచ్చిపోతుంది. పరాగసంపర్కం జరిగిన కొద్దిరోజులకు ఆ పిండాన్ని సూదిమొనతో వెలికితీసి, గాజునాళికలో పోషకద్రవ్యాలమీద పెంచి బతికిస్తారు. సుడిదోమను తట్టుకొనే శక్తి ఒరైజా అఫిసినాలిస్ నుంచి, అగ్గి తెగులును తట్టుకొనే శక్తి ఒరైజా మైన్యూటా నుంచి ఇట్లాగే సాగు వరిలోకి వచ్చాయి.

తెలుగునాటి చేలదాకా వచ్చిన కథ మాత్రం మరొక తెగులుది. దాని పేరు బాక్టీరియా ఎండాకు తెగులు. ఆకు కొస నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా పాలిపోయి, గడ్డిరంగుకు తిరిగి ఎండిపోతుంది. నాటేటప్పుడు నారు కొసలు తుంచితే ఆ గాయం నుంచి బాక్టీరియా సులువుగా లోపల ప్రవేశిస్తుంది. గాలివాన కొట్టి ఆకులు ఒకదానితో ఒకటి రాసుకొన్నప్పుడు కూడా అంతే. జపానులో రైతులు దీనిని 1884లోనే గుర్తించారు. మన దేశంలో 1963లో బీహారులో ఇది విజృంభించినప్పుడు గాని దీని బలం అందరికీ తెలిసిరాలేదు. మందులవల్ల దీనికి చెప్పుకోదగిన గుణం కనబడదు. వంగడానికే శక్తి ఉండాలి.

ఆఫ్రికాలోని మాలీ దేశంలో ఒరైజా లాంజిస్టామినాటా అనే అడవి వరి ఉన్నది. నేలలో దుంపవేళ్ళవంటి కాడలు పారించి ఏళ్ళ తరబడి బతుకుతుంది. పీకినకొద్దీ మళ్ళీ మొలుస్తుంది కాబట్టి అక్కడి రైతులకు అది మొండి కలుపు. ఆ మొక్క నమూనా ఒకటి కటకం సంస్థకు చేరినది. అక్కడ ఎస్. దేవదత్ దానికి మన దేశపు బాక్టీరియా రకాలను ఎక్కించి చూస్తే ఏదీ దానిని కదిలించలేదు. లాస్ బాన్యోస్‌లో 1978లో దీనిని ఐ.ఆర్. 24తో సంకరపరచటం మొదలుపెట్టారు. ఆ ఒక్క గుణాన్ని మిగతావాటినుంచి విడదీసేసరికి 12 ఏళ్ళు పట్టినది. 1990లో ఆ జన్యువుకు ఎక్స్‌ఏ-21 అని పేరు పెట్టారు. పైరు లేతగా ఉన్నప్పుడు దాని బలం తక్కువ, ముదిరినకొద్దీ పెరుగుతుంది.

1995లో అమెరికాలో డేవిస్ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పమేలా రోనాల్డ్ బృందం ఈ జన్యువును విడిగా వేరుచేసి, దాని నిర్మాణాన్ని చదివినది. అది తయారుచేసే ప్రోటీను కణపు గోడ దగ్గర కాపలాదారులాగా ఉంటుంది. దాని తల కణం వెలుపల ఉండి బాక్టీరియా జాడను పసికడుతుంది. తోక కణం లోపల ఉండి అపాయవార్తను అందజేస్తుంది. బాక్టీరియాలో అది పసికట్టే పదార్థం ఏదన్న ప్రశ్నకు ఆ బృందం 2009లో ఒక జవాబు చెప్పినది. తరువాత అది పొరపాటని తామే తెలుసుకొని 2013లో ఉపసంహరించుకొన్నారు. సరియైన జవాబు 2015లో దొరికినది. విద్యార్థులు ఈ సంగతి గమనించటం మంచిది. ప్రయోగశాలలో జరిగేది పాఠ్యపుస్తకంలో ఉన్నంత నున్నగా ఉండదు.

ఈలోగా బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి 1986లో బి.పి.టి. 5204 వెలువడినది. సాంబ మసూరి అంటే తెలియని తెలుగు ఇల్లు ఉండదు. సన్నని గింజ, మంచి అన్నం, అంగట్లో మంచి ధర. లోపమల్లా తెగుళ్ళకు, ముఖ్యంగా ఎండాకు తెగులుకు, చప్పున లొంగటమే. రైతుకు వేరొక వంగడం వేయమని చెప్పటం తేలిక. ధర పలికే బియ్యాన్ని వదులుకోవటం అతనికి తేలిక కాదు. కాబట్టి సాంబ మసూరిని సాంబ మసూరిగానే ఉంచి, అందులో తెగులును తట్టుకొనే శక్తిని మాత్రం చేర్చవలసి వచ్చినది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలక కార్యాలయం కలిసి ఈ పని చేపట్టాయి. రమేశ్ సోంటి, ఆర్.ఎం. సుందరం ఇందులో ముఖ్యులు.

ఒక్క జన్యువును నమ్ముకొంటే ఏమవుతుందో నివ్వరి కథలో తేలినది కదా. అందుచేత ఒకేసారి మూడు జన్యువులను చేర్చదలచారు. ఆఫ్రికా కలుపునుంచి వచ్చిన ఎక్స్‌ఏ-21కు తోడు ఎక్స్‌ఏ-5, ఎక్స్‌ఏ-13 అనే మరి రెండు. ఈ రెండూ సాగు వరిలోనివే. మూడూ కలిసి ఉన్న వరిని లుధియానాలోని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయం అంతకు ముందే తయారుచేసి ఉంచినది. ఒక తాళం విప్పగలిగిన బాక్టీరియాకు మూడు తాళాలూ ఒక్కసారే విప్పటం చాలా కష్టం.

కాని ఇక్కడ ఒక కొత్త చిక్కు. మొక్కకు బాక్టీరియాను ఎక్కించినప్పుడు అది నిలిచినదనుకోండి. అందులో ఉన్నది ఒక జన్యువా, మూడా? నిలవటానికి ఎక్స్‌ఏ-21 ఒక్కటే చాలు. మిగిలిన రెండూ ఉన్నదీ లేనిదీ పైకి తెలియదు. పైగా ఆ రెండూ అంతర్గతగుణాలు. సాంబ మసూరితో వెనుక సంకరణం చేసినప్పుడల్లా అవి కనబడకుండా దాగిపోతాయి. పాతకాలపు పరీక్ష ఇక్కడ పనికిరాదు. అందుకని మొక్కనుంచి చిన్న ఆకుముక్క తీసి, డి.ఎన్.ఎ.లో ఆ జన్యువుల పక్కనే ఉండే గుర్తులను వెదికారు. గుర్తు ఉంటే జన్యువు ఉన్నట్లు. తెగులు పరీక్షలో బయటపడని గుణాలను ఈ విధంగా ఆకు చూసి చెప్పగలిగారు. నాలుగుసార్లు వెనుక సంకరణం జరిగేసరికి గింజ, అన్నం, పైరు రూపు అంతా సాంబ మసూరిదే. మూడు జన్యువులు మాత్రం కొత్తవి. 2008లో ఇది మెరుగుపరచిన సాంబ మసూరి అన్న పేరుతో విడుదలైనది. జన్యువు ఏదీ విడిగా తీసి చొప్పించలేదు. పుప్పొడిని పువ్వుమీద రాల్చే పాత పనే ఇదంతా. ఏరుకోవటం మాత్రం కొత్తది.

లాస్ బాన్యోస్ విత్తనకోశంలో 1,30,000కు పైగా వరి నమూనాలు చల్లని గదులలో నిద్రపోతున్నాయి. అడవి వరులు వాటిలో కొన్నివేలు మాత్రమే. వాటిని భద్రపరచటం సాగు వరిని భద్రపరచటమంత సులువు కాదు. పండిన గింజ పండినట్లు రాలిపోతుంది కాబట్టి వెన్నులకు సంచులు కట్టి పట్టుకోవాలి. బయట చెరువులు పూడి, పల్లపు నేలలు ఇళ్ళస్థలాలైనకొద్దీ నివ్వరి పెరిగే చోటు తగ్గిపోతున్నది. మిగిలిన చోట్ల పక్క చేలోని వరి పుప్పొడి పడి అది సంకరమైపోతున్నది. గదిలోని విత్తనం ఏరిన రోజున ఎట్లా ఉన్నదో అట్లాగే ఉంటుంది. చెరువు అంచున ఉన్నది మాత్రం ఏటేటా వచ్చే కొత్త తెగులుతో కుస్తీ పడుతూ మారుతుంటుంది.

ఎక్స్‌ఏ-21ను దాటగల బాక్టీరియా రకాలు మన దేశంలోనూ కనబడ్డాయి. మెరుగుపరచిన సాంబ మసూరికి మరొక జన్యువును తోడు చేయాలని హైదరాబాదు శాస్త్రజ్ఞులు వెదికినప్పుడు ఎక్స్‌ఏ-38 అనేది వారికి ఉపయోగపడినది. దానిని ఆ వంగడంలోకి తెచ్చిన సంగతి 2018లో ప్రకటించారు. ఆ జన్యువును పంజాబు శాస్త్రజ్ఞులు మొదట కనుగొన్నది ఒరైజా నివారాలోనే.